హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్‌లు

హైదరాబాద్ మైదానాల్లో ఆట నేర్చుకుని కలకత్తా, గోవా, జంషెడ్‌పూర్, ఢాకా దాకా వెళ్లి జట్లను నడిపిన కోచ్‌ల పరంపర 1940లలో మొదలైంది. ఊళ్లు తిరిగే ఫుట్‌బాల్ కోచ్ అంటే ఇవాళ్టి అభిమానికి ముందు తట్టేది పోర్చుగల్ వాళ్లే. మొజాంబిక్‌లో పుట్టిన కార్లోస్ కెయిరోజ్ దక్షిణాఫ్రికా, పోర్చుగల్, ఇరాన్, కొలంబియా, ఈజిప్టు జాతీయ జట్లన్నిటికీ కోచ్‌గా పనిచేశాడు. నెలో వింగాడా 1996లో సౌదీ అరేబియాకు ఆసియా కప్ గెలిపించి, ఇరవై ఏళ్లకు గువాహటిలో నార్త్ఈస్ట్ యునైటెడ్ జట్టును పట్టుకున్నాడు. మన దేశంలో అలా కోచ్‌లను బయటి ఊళ్లకు పంపిన నగరం హైదరాబాద్. దాని పరిధి చిన్నది, జీతాలు ఇంకా చిన్నవి.

ఈ పరంపరకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో బీఏ చదివి, హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. ఆటగాళ్లందరికీ రహీం సాబ్. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చూసుకున్నది ఆయనే. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది.

ఈ గెలుపుల వెనక పంతులుగారి పద్ధతి ఉంది. చిన్నపిల్లలకు ఆయన పెట్టిన పోటీల నియమాలు విచిత్రంగా ఉండేవి. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం: బంతి కాలికి తగిలిందా, వెంటనే పక్కవాడికి అందించాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే కొట్టాలి. బంతిని కాళ్ల మధ్యే తిప్పుతూ చప్పట్లు కొట్టించుకోవడం గొప్పనుకునే రోజుల్లో ఇది పెద్ద తిరుగుబాటే. కుడికాలి వాటం పిల్లవాడికి ఎడమకాలు కూడా పనిచేయడం మొదలైతే, ఎదుటి డిఫెండర్‌కు వాడు ఏ పక్కకు పోతాడో అంతుపట్టదు. సిటీ పోలీస్ జట్టు చిన్న చిన్న పాస్‌లతో వేగంగా ముందుకు దూసుకుపోయేదంటే ఆ అభ్యాసం వల్లే.

భారత జట్టు కోచ్‌గా రహీం 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం గెలిపించాడు. ఫైనల్లో ఇరాన్‌పై 1–0. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10తో చావుదెబ్బ. మనవాళ్లలో చాలామంది అక్కడ బూట్లు లేకుండానే ఆడారు. ఆ ఓటమి నుంచి పాఠం నేర్చుకున్న జట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ అప్పటిదే.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2 ఓటమి. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుబట్టడంతో, స్టేడియంలో జనం భారత జట్టు మీద కక్షగట్టారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. వెనక ఆడలేని మనిషిని రహీం ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. గాయపడ్డ ఆటగాణ్ని పక్కన కూర్చోబెట్టడం ఎవరైనా చేసే పని. రహీం మాత్రం ఆ తలతోనే గోల్ కొట్టించాడు. ఫైనల్లో అదే దక్షిణ కొరియాపై పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి వేసి 2–1తో స్వర్ణం తెచ్చారు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. ఆయన కథతో హిందీలో ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చింది. ఈ పేరు మన పిల్లల్లో చాలామందికి తెలిసింది అప్పుడే.

రహీం తర్వాత ప్రయాణాల కాలం మొదలైంది. కలకత్తా క్లబ్బులు ఇచ్చే డబ్బు, పేరు ఇక్కడ దొరికేవి కావు. స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట, బెజవాడల మీదుగా హౌరా పోయే రైలు దారి హైదరాబాదీ ఆటగాళ్ల బతుకుదారి అయింది. 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరిన సయ్యద్ నయీముద్దీన్ వాళ్లలో ఒకడు. కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు, తర్వాత ఆ మూడింటికీ కోచ్ అయ్యాడు. ఆటగాడిగా ఆయన నాయకత్వంలోనే భారత్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది. అర్జున అవార్డు ఆ ఏడాదిదే.

కోచ్‌గా నయీముద్దీన్ క్రమశిక్షణ విషయంలో రాజీపడని మనిషి. 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఐఎఫ్‌ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడూ ఒకే సీజన్లో తెచ్చాడు. ద్రోణాచార్య అవార్డు కూడా ఆ ఏడాదే వచ్చింది. భారత జట్టు 1997లో కాఠ్మాండూలో దక్షిణాసియా టైటిల్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే. 2005 డిసెంబరులో కరాచీలో బంగ్లాదేశ్‌ను 2–0తో ఓడించి మళ్లీ అదే టైటిల్ తెచ్చిందీ ఆయన జట్టే. కానీ 2006 ఆరంభంలో ఆసియా కప్ క్వాలిఫయర్లలో జపాన్ చేతిలో 0–6, యెమెన్ చేతిలో 0–3 ఓటములు ఎదురయ్యాయి. ఆయన స్థానంలో ఇంగ్లాండ్ నుంచి బాబ్ హౌటన్ వచ్చాడు. మరుసటి ఏడాదే నయీముద్దీన్ తాను కరాచీలో ఓడించిన బంగ్లాదేశ్‌కు జాతీయ కోచ్ అయ్యాడు! ఢాకాకు ఆయన కొత్తవాడేమీ కాదు, అక్కడి బ్రదర్స్ యూనియన్ క్లబ్బును నడిపిన మనిషే.

మిగతావాళ్లదీ ఇదే దారి. ‘బడే మియాన్’ మహమ్మద్ హబీబ్ జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ కుర్రాళ్లను తీర్చిదిద్దాడు. షబ్బీర్ అలీ 1998–99లో గోవా క్లబ్బు సాల్గావ్‌కర్‌ను జాతీయ లీగ్ విజేతగా నిలిపాడు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం వైమానిక దళంలో పనిచేస్తూనే అంతర్జాతీయ రెఫరీగానూ, కోచ్‌గానూ రాణించాడు. వీళ్లు పెంచిన ఆట ఎక్కువగా బయటి ఊళ్లలోనే పండింది. 1956–57, 1957–58ల్లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్‌లో క్రికెట్ రాజ్యమేలింది.

చివరికి హైదరాబాదే బయటి నుంచి కోచ్‌ను తెచ్చుకోవాల్సి వచ్చింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీకి మరుసటి ఏడాది మనోలో మార్కెజ్ వచ్చాడు. స్పెయిన్, క్రొయేషియా, థాయ్‌లాండ్ తిరిగొచ్చిన బార్సిలోనా మనిషి. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చిపెట్టాడు. 2023లో ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు, 2024లో భారత జట్టు కోచ్ అయ్యాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా నిలవలేదు. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.