తాళం వేసిన లెక్క

నా చిన్నతనంలో పట్వారీ దస్త్రం విప్పితే ఆ ఎదుట నిలబడ్డ రైతు ఊపిరి బిగబట్టేవాడు. పహాణీలో తన పేరు ఉన్నదో, పాలివాడి పేరు చేరినదో ఆ క్షణాన చదవగలిగినవాడు ఆ గుడ్డమూట యజమాని ఒక్కడే. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రహదారి మీద నార్కెట్‌పల్లి దాటిన తరువాత, నకిరేకల్ రాకముందు తగిలే మా కట్టంగూరులోనే కాదు, నల్లగొండ జిల్లా అంతటా ఇదే తంతు. భూమి రైతుది, దున్నేది రైతు, శిస్తు కట్టేది రైతు. లెక్క మాత్రం పట్వారీది.

1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. ఆ మరుసటి ఏడు మండలాలు ఏర్పడ్డాయి. ఇక లెక్క జనానికి దక్కిందనుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. ఆ తరువాత కొద్దికాలానికే ఉపాధ్యాయ వృత్తిలో చేరాను. చేరిన కొన్నేళ్ళకు గానీ తెలిసిరాలేదు, పట్వారీ ఎదుట మా తాత నిలబడ్డట్టే నేనూ నా జీతపు బిల్లు ఎదుట నిలబడుతున్నానని. గణితం చెప్పే పంతులునే! అయినా నా మూలవేతనం ఎందుకంత ఉన్నదో నాకు తెలియదు. కార్యాలయంలో బిల్లులు రాసే ఆయనకు తెలుసు. ఆయన మంచివాడే, చేయి చాచినవాడు కాడు. కానీ తెలిసినది ఆయన ఒక్కడికే.

చదువరులలో సర్కారు కొలువు చేయనివారి కోసం కొంత వివరం చెప్పక తప్పదు. రాష్ట్ర ఉద్యోగుల జీతాలను కొన్నేళ్ళకొకసారి వేతన సవరణ సంఘం సిఫారసుల మేరకు తిరగరాస్తారు. నా సర్వీసులో 1993, 1999, 2005, 2010, 2015 సంవత్సరాలలో ఆ ఉత్తర్వులు వచ్చాయి. పాత మూలవేతనానికి ఫలానా తేదీ నాటి కరువుభత్యం కలపాలి, ఫిట్‌మెంట్ కలపాలి, వచ్చిన మొత్తాన్ని కొత్త స్కేలులో పై మెట్టుకు చేర్చాలి. ఉత్తర్వు ఒక తేదీన వస్తే, కాగితం మీద అమలు మరొక తేదీ నుంచి, చేతికి డబ్బు ఇంకొక తేదీ నుంచి. 2010 ఉత్తర్వునే చూడండి. అది వెలువడినది ఫిబ్రవరి 25న, లెక్క మొదలయ్యేది 2008 జూలై 1 నుంచి, డబ్బు 2010 ఫిబ్రవరి 1 నుంచి! వీటి నడుమ వార్షిక ఇంక్రిమెంట్లు, ఆరేళ్ళకూ పన్నెండేళ్ళకూ వచ్చే స్కేళ్ళు, ఏ తేదీ నుంచి కొత్త స్కేలులోకి మారతావన్న ఆప్షన్. రెండు విధాలా లెక్క వేసి చూస్తే గానీ ఏది లాభమో తేలదు. ఒక్క మనిషికి ఒక సాయంత్రం పట్టేది. మండలంలోని టీచర్లందరికీ అంటే నెలలు. ఇది చాలదన్నట్టు ఏటా ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను పత్రాలు. పాత బకాయిలు ఒకేసారి పడిన ఏడాది పన్ను పెరగకుండా 89వ సెక్షను కింద 10ఈ పత్రం నింపడం మరొక యజ్ఞం.

ఈ చిక్కుముడిని విప్పిన పనిముట్టు పుట్టుక కూడా ఒక తరగతి గదిలోనే జరిగింది. 1978లో హార్వర్డ్ వ్యాపార విద్యాలయంలో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి, నల్లబల్ల మీద ఒక అంకె మారితే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నిటినీ చెరిపి మళ్ళీ రాయవలసిరావడం చూసి, బల్లే తనంతట తాను దిద్దుకుంటే ఎంత బాగుండునని ఊహించాడట. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆయన తయారుచేసిన విసికాల్క్ 1979లో బజారుకు వచ్చింది. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ వచ్చాయి. ఈ వరుసలో నన్ను ఆకట్టుకున్నది యంత్రం కాదు. గడిలో సూత్రం రాసేవాడు ప్రోగ్రామరు కానక్కరలేదు. తన పని తనకు తెలిస్తే చాలు. 1982 నాటికే జేమ్స్ మార్టిన్ అనే ఆయన ప్రోగ్రామర్లు లేకుండానే అనువర్తనాలు తయారుచేసుకోవడం గురించి ఒక పుస్తకమే రాశాడు. నేడు ‘నో కోడ్’ అని కొత్తగా పిలుస్తున్నది ఈ పాత ఆశనే.

ఆ ఆశ తెలుగునాట నిజంగా పండినచోటు ఏ సాఫ్ట్‌వేరు నగరమో కాదు, ఉపాధ్యాయుల గదులు. రెండు రాష్ట్రాలలోనూ ఎందరో టీచర్లు పన్ను లెక్కకూ, వేతన స్థిరీకరణకూ, బకాయిల పట్టికకూ ఎక్సెల్ షీట్లు తయారుచేసి ఉచితంగా పంచారు. పేరు, మూలవేతనం, ఇంక్రిమెంటు నెల నింపితే చాలు, బిల్లుతో సహా అచ్చుకు సిద్ధం. జీవోను అక్షరం అక్షరం చదివినవారు గనుకే అది వారికి సాధ్యమైంది. ప్రోగ్రామరుకు ఆ జీవో అర్థం చేయించేలోపు మరో వేతన సవరణ వచ్చేది! ఈ చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయవలసి ఉన్నది. నేను నా వంతు చెబుతాను.

2015 మార్చి 18న తెలంగాణ ప్రభుత్వం 25వ నెంబరు జీవో ఇచ్చింది. 2013 జూలై 1 నాటి మూలవేతనానికి 63.344 శాతం కరువుభత్యం, 43 శాతం ఫిట్‌మెంట్. నేనూ ఒక షీటు తయారుచేశాను. కొత్త స్కేలు మెట్లన్నీ ఒక నిలువు వరుసలో పేర్చి, వచ్చిన మొత్తాన్ని అందులో వెతికే సూత్రం రాశాను. ఎవరూ చెడగొట్టకుండా రహస్యపదంతో తాళం వేశాను. పైన నా పేరు పెద్ద అక్షరాలతో. దాచడమెందుకు, గర్వంగానే ఉండింది. పెన్ డ్రైవులలో అది బడి నుంచి బడికి పోయింది. ‘సారూ, నాకెంత పడతదో జర చూడండ్రి’ అంటూ సెలవునాడు కూడా ఇంటికి వచ్చేవారు.

ఒకనాటి సాయంత్రం, చేరి రెండేళ్ళయిన ఒక ఎస్జీటీ టీచరమ్మ నోటు పుస్తకంతో వచ్చింది. ఆమె మూలవేతనం 10900. కరువుభత్యం 6904, ఫిట్‌మెంట్ 4687, మొత్తం 22491. ‘మీ షీటు 22460 చూపిస్తున్నది సార్. నేను పెన్సిలుతో వేస్తే 23100 వస్తున్నది. నాదే తప్పేమో, ఎక్కడుందో చెప్పండి సార్’ అన్నది.

తప్పు నాది. 22460 మెట్టును ఆ మొత్తం 31 రూపాయలు దాటింది, కాబట్టి పై మెట్టు 23100కు చేరాలి. నేను వాడిన వెతుకులాట సూత్రం సరిగ్గా దొరకని అంకెకు కింది మెట్టునే తెచ్చిస్తుంది. దాని మీద ఒకటి కలపాలన్న సంగతి నాకు తట్టలేదు. నెలకు 640 రూపాయలు, దాని మీద కరువుభత్యం, ఏటేటా ఇంక్రిమెంటు, ఆఖరుకు పింఛను దాకా పోయే నష్టం. ఆ షీటు అప్పటికి ఎన్ని బడులకు పోయిందో నాకే తెలియదు. నన్ను ఎక్కువగా బాధించినది మరొకటి. అంతమంది వాడినా ఒక్కరూ ఎందుకు పట్టుకోలేకపోయారు? నేను తాళం వేశాను గనుక. సూత్రం కనబడని గడిని ఎవరు తప్పుపడతారు? దస్త్రం గుడ్డమూట నుంచి కంప్యూటరులోకి మారింది, పట్వారీ మాత్రం నేనే అయ్యాను.

మర్నాడు ఫోన్లు చేసి దొరికినవారందరికీ చెప్పాను. బిల్లులింకా ట్రెజరీకి పోలేదు, అదొక అదృష్టం. తరువాత మా బడిలో మూడు సాయంత్రాలు, వచ్చినవారిని వచ్చినట్టు కూర్చోబెట్టి, ఖాళీ షీటు తెరిచి మొదటి గడి నుంచి వారి చేతనే రాయించాను. ఎలుకను పట్టుకోవడానికి భయపడ్డ పెద్దాయన ఒకరు జీవోలోని వాక్యాన్ని నాకన్నా బాగా విడమరిచారు. శాతాన్ని సూత్రంలో ఇరికించవద్దు, విడిగా ఒక గడిలో పెట్టు, పక్కన జీవో నెంబరు రాయి, రేపు మారితే అక్కడొక్కచోటే దిద్దుకోవచ్చు. కింద ఒక మనిషి లెక్క చేత్తో వేసి సరిచూడు. నేర్పినది ఇంతే. ఆ చివరి మాట నాకు టీచరమ్మ నేర్పినదే.

ఇటువంటి పొరపాటు పల్లెటూరి పంతుళ్ళకే పరిమితమనుకుంటే పొరపాటు. రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు 2010లో దేశాల అప్పుల మీద రాసిన ప్రసిద్ధ పత్రంలో సగటు సూత్రం అయిదు దేశాలను వదిలేసిందని 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి కనిపెట్టాడు, అదీ వారి షీటు తెరిచి చూడగలిగాడు గనుక. లెక్క ఎక్కువగా తప్పినా కష్టమే. ఏళ్ళ తరువాత రికవరీ అంటారు. మూడవ, నాలుగవ తరగతి ఉద్యోగుల నుంచి అటువంటి వసూలు కూడదని రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో చెప్పవలసివచ్చిందంటే, ఎన్ని ఇళ్ళు ఆ బాధ పడి ఉంటాయో ఊహించండి.

ఇప్పుడు యాప్‌షీట్, పవర్ ఆటోమేట్ వంటివి వచ్చాయి. సూత్రం కూడా రాయనక్కరలేదు, బొమ్మలు జరిపితే చాలంటున్నారు. వాటిని నేను కాదనను. హాజరు లెక్కను, మధ్యాహ్న భోజనపు లెక్కను వాటితో ఏ టీచరైనా తన ఫోనులోనే కట్టుకోవచ్చు. నా పట్టుదల ఒక్కటే. కట్టినవాడు బదిలీ అయి పోయాక దానిని తెరిచి చదవగలవారు ఆ బడిలో మరొకరు ఉండాలి.

2021 జూన్ 11న 51వ నెంబరు జీవో వచ్చింది. అప్పటికి నేను ఉద్యోగ విరమణ చేశాను. ఒక వారం తరువాత వాట్సాప్‌లో ఒక షీటు వచ్చింది, టీచరమ్మ పంపినది. తాళం లేదు. పేరు కూడా లేదు. 30.392 ఒక గడిలో, 30 మరొక గడిలో, పక్కన జీవో నెంబరు. అడుగున, 26600 మూలవేతనానికి 42664 వచ్చినట్టు చూపే కాగితం ఫోటో అతికించి ఉన్నది, పెన్సిలుతో వేసిన లెక్క. ‘ఒకసారి తప్పులు వెతకండి సార్’ అని రాసింది. రెండు దొరికాయి.