దాల్చినచెక్క దారి

పలావులో వేసి, తినేటప్పుడు ఏరి విస్తరి పక్కన పెట్టేసే దాల్చినచెక్క కోసం రాజ్యాలు కొట్టుకున్నాయంటే నవ్వొస్తుంది కాని, నిజం.

అసలు పేరే తమాషా. పారశీకంలో 'దార్' అంటే చెక్క. మన దారువుకి చుట్టమే. 'దార్ చీనీ' అంటే చీనా చెక్క. దానికి మనవాళ్ళు ఇంకో చెక్క తగిలించారు! తీరా చూస్తే మేలిరకానికి పుట్టిల్లు చీనా కాదు, సింహళం.

ఆ గుట్టు అమ్మే అరబ్బులు విప్పితేగా! క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ విన్నది విన్నట్టు రాసిపెట్టాడు. పెద్ద పెద్ద పక్షులు ఈ పుల్లలతో కొండకొమ్మున గూళ్ళు కడతాయట. కింద మాంసఖండాలు పడేస్తే పైకి మోసుకుపోతాయట. బరువుకి గూడు విరిగితే వీళ్ళు పుల్లలు ఏరుకొస్తారట! ఇవన్నీ ధర పెంచడానికి అల్లిన కథలని 1వ శతాబ్దంలోనే రోమన్ పండితుడు ప్లినీ తేల్చేశాడు. బేరం తెలిసిన మనిషి.

పోర్చుగీసువాళ్ళు 1505లో సింహళంలో దిగారు. వాళ్ళని వెళ్ళగొట్టడానికి కాండీ రాజు రెండో రాజసింహుడు 1638లో డచ్చివాళ్ళతో చేతులు కలిపాడు. 1658కి వాళ్ళు పోయారు, వీళ్ళు తిష్ఠ వేశారు. అల్లం ఇచ్చి మిరప కొన్నట్టయిందని సింహళంలో సామెత.

ఈ రాజుల పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. చెక్క ఒలిచినవాళ్ళ పేర్లే వెతికినా దొరకవు. ఆ పని సలాగమ కులంవాళ్ళది. వానలకి పదునెక్కిన కొమ్మలు నరికి, పైబెరడు గీకి, ఇత్తడి కడ్డీతో రుద్ది, లోపలిపొర చిరగకుండా ఊడదీయాలి. ఆరుతూ అది తనంతట తనే చుట్టుకుంటుంది. మనిషికి ఇంత బరువని లెక్క, ఇచ్చి తీరాలి. డచ్చివాళ్ళ ఏలుబడిలో చెట్టు పాడుచేసినా, చాటుగా చెక్క అమ్ముకున్నా మరణశిక్షే! చెట్టుకున్న విలువ, పాపం, ఒలిచే చేతికి లేదు. 1760లో వాళ్ళు తిరగబడ్డారు. ఆ తరువాతనే డచ్చివాళ్ళు అడవిని నమ్ముకోవడం తగ్గించి తోటలు వేయించారు. కొలంబోలో నేటికీ 'సిన్నమన్ గార్డెన్స్' అనే పేట ఉంది. ఇప్పుడక్కడ ఉన్నది కలవారి బంగళాలు లెండి.

1796లో ఇంగ్లీషువాళ్ళొచ్చారు. 1833లో ఆ గుత్తవ్యాపారం ఎత్తేశారు.

ఈ రోజుల్లో చక్కెర జబ్బుకి మందని రోజూ చెంచాడు పొడి మింగేవాళ్ళు ఎక్కువయ్యారు. గుణమిస్తుందని వైద్యశాస్త్రం గట్టిగా చెప్పడం లేదు. పైగా మన బజారులో ఎక్కువగా దొరికేది దీని దాయాది కాసియా. అందులో కౌమరిన్ అనే పదార్థం హెచ్చు. రోజూ మోతాదు మించితే కొందరికి కాలేయం చెడుతుంది. సింహళపు చెక్కలో అది బహు తక్కువ. కూరలో వేసే ముక్కకి భయపడక్కరలేదనుకోండి. చెక్కగా కొంటే పోల్చుకోవడం తేలికే. కాసియా మందంగా, గట్టిగా, ఒకే చుట్టగా ఉంటుంది. సింహళపుది పొరలో పొరగా, నలిపితే పూతరేకులా విరుగుతుంది. పొడి కొంటే మాత్రం ఏది ఏదో కంటికి తెలియదు.