దూరమున నుండి కలిసి పాడుట



ఏలూరునకు ఉత్తరముగ కొలది మైళ్ళ దూరమున మా పెదవేగి యున్నది. ఒకప్పుడిది వేంగి. శాలంకాయనులకును, పిదప తూర్పు చాళుక్యులకును రాజధాని. 892 మొదలు 921 వరకు ఏలిన మొదటి చాళుక్యభీముడు, గాంధర్వవిద్యలో నేర్పరియైన చెల్లవ్వకు అత్తిలిలో భూమి నిచ్చినట్లు శాసనము గలదు. ఆనాడు పాట వినగోరినవాడు పాడువారి యెదుట కూర్చుండవలసినదే. పాడువారును, వాయించువారును ఒక్క చోట చేరవలసినదే. వేయి సంవత్సరములు ఈ నియమము చెక్కు చెదరలేదు.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము వెలసినది. పాట మా యింటి అరుగు మీదికే వచ్చినది. అయినను మా పాట దానికి వినబడదు. రేడియో మనకు చెవి నిచ్చినది గాని నోరీయలేదు. వేరువేరు ఊళ్ళలో నున్నవారు ఒకే తాళమున పాడుట యెట్లన్న ప్రశ్న అటులనే నిలిచినది.

ఆ ప్రశ్న 2020లో మా గుమ్మము తట్టినది. మహమ్మారి కారణమున మార్చి నెలలో ఊరు మూతపడగా, రామాలయమున మా భజన నిలిచిపోయినది. గోష్ఠికి పెద్ద మా పెదనాన్నగారు. వారి పెద్దకుమారుడు హైదరాబాదులో నుండి మృదంగము వాయించును. చిన్నవాడు కాలిఫోర్నియాలో నున్నాడు. అందరమును సభలు జరుపుకొను మామూలు సాధనముతోనే ఫోనులలో కలిసికొంటిమి. పాట యెత్తుకొన్నంతనే తాళము చెడినది.

“ఏమిరా, నీ మద్దెల వెనుకబడుచున్నది?” అని పెదనాన్నగారు కసరిరి.

“లేదు నాన్నగారూ, మీ తాళమే ఆలస్యముగా వచ్చుచున్నది” అని అన్నయ్య మనవి చేసెను.

ఇద్దరి మాటయు నిజమే. కొల్లేటి గట్టున నిలిచి చూచినవారికిది తెలియును. ఆవలి దరిని బట్ట బండమీద పడుట ముందు కనబడును. చప్పుడు పిదప వినబడును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. కావున భజనలో నాలుగు మీటర్ల యెడముగ కూర్చున్నవారి నడుమ సైతము 11, 12 మిల్లీసెకండ్ల జాగు కలదు. ఆ పాటి జాగు మేలే చేయును. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున క్రిస్ చేఫ్ బృందము ఇద్దరిని వేరు గదులలో నుంచి చప్పట్లు కొట్టించి, 2004లో ఫలితములు ప్రకటించినది. జాగు సుమారు 11 మిల్లీసెకండ్లకు తగ్గిన లయ పరుగిడినది, మించిన నీరసించినది. పాతిక ముప్పది దాటిన మేళము కుదురుట కష్టము. మామూలు సాధనములలో జాగు దీనికి పెక్కురెట్లు. పైగా అవి ఎడతెగని తంబురశ్రుతిని రొదగా నెంచి అణచివేయును!

ఈ జాగుతో పోరుటకే కొన్ని సాఫ్ట్‌వేరులు పుట్టినవి. చేఫ్, కాసెరెస్ అనువారు స్టాన్‌ఫర్డులో జాక్‌ట్రిప్ నిర్మించిరి. 2005లో నింజామ్, 2006లో జర్మనీ దేశీయుడు ఫోల్కర్ ఫిషర్ పూనికతో నేడు జామ్యులస్ అనబడునదియు వచ్చినవి. జామ్యులస్ ఉచితము. అందరి ధ్వనులును నడుమ నొక సర్వరును చేరి, కలిసి, మరలి వచ్చును. ధ్వనిని చిన్న చిన్న పొట్లములుగ పంపును. త్రోవలో పోయిన పొట్లమునకై ఆగదు. ఎవరి గొంతును వారు సైతము సర్వరునుండి మరలివచ్చినదే వినుచు పాడవలెను. ఇంటర్నెట్టును, చెవి ఫోనులును తీగతో నుండవలెను. అట్లు అమర్చుకొనగా అన్నయ్య మృదంగము పెదనాన్నగారి తాళముతో కుదిరినది. ఆ రాత్రి మేము ఆపకుండ పాడితిమి.

తమ్మునితో మాత్రము కుదురలేదు. గాజు తీగలో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునకు రెండు మిల్లీసెకండ్లు చాలును. కాలిఫోర్నియా 13,000 కిలోమీటర్లకు పైమాట. యంత్రములెంత చురుకైనను ఒక వైపునకే 65 మిల్లీసెకండ్లు తప్పవు. నింజామ్ ఈ జాగును తగ్గింపజూడక పెంచును; ఇతరుల పాటను కొన్ని ఆవర్తనములు వెనుకగ వినిపించి తాళమును నిలుపును. పెదనాన్నగారు విని, “పాటలో చద్దన్నమా? వలదు” అనిరి.

ఉపాయము వారికే తోచినది. “వాడు పద్యము చదువును” అనిరి. పద్యమునకు రాగము కలదు, శ్రుతి కలదు, తాళపు కట్టు లేదు. పదవవంతు సెకను ఆలస్యమైనను దానికి హాని లేదు. నాటినుండి తమ్ముని పద్యముతో మా భజన మొదలగును. అతడు ముగించిన పిదప మేము తాళమెత్తుదుము; అతడు వినును.

పెదనాన్నగారు గతించి రెండేండ్లయినది. మేము మరల రామాలయముననే పాడుచున్నాము. ఒక మూల కంప్యూటరు నుంచి, మొదటి పద్యము తమ్మునికే విడుతుము. చెల్లవ్వకు భూమి నిచ్చిన ప్రభువునకైనను వెలుగు వేగమును పెంచుట తరముగాదు. తాళమునకు ఆ మేర హద్దు కలదు. అది దాటినవారికి పద్యము మిగిలియున్నది.