కొబ్బరిపీచు భూవస్త్రం

కొబ్బరిపీచు భూవస్త్రం అనగా కొబ్బరి పీచుతో పేనిన తాళ్ళను వలవలె నేసి, కోతకు గురయ్యే వాగులు, కాలువలు, చెరువుల గట్లపై పరచే వస్త్రము. దీనిని కాయిర్ జియోటెక్స్‌టైల్ అని కూడా అంటారు. ఇది గట్టును శాశ్వతంగా కాపాడదు. గడ్డి వేళ్ళు నేలను పట్టుకొనే వరకు మట్టిని ఆపి, తరువాత కుళ్ళి అందులోనే కలిసిపోతుంది.

పీచు లక్షణాలు

కొబ్బరి పీచులో లిగ్నిన్ 40 శాతానికి పైగా ఉంటుంది. జనపనారలో అందులో మూడో వంతు కూడా ఉండదు. అందువలన తడినేలలో జనపనార వల ఏడాది రెండేళ్ళలో శిథిలం కాగా, కొబ్బరి వల సాధారణంగా రెండు నుండి ఐదేళ్ళు నిలుస్తుంది. చదరపు మీటరుకు 400, 700, 900 గ్రాముల బరువు గల రకాలు వాడుకలో ఉన్నాయి. కేరళలోని అలప్పుళ ప్రాంతం కొబ్బరి పీచు పరిశ్రమకు ప్రసిద్ధి. ఆంధ్ర ప్రదేశ్‌లో కోనసీమలోనూ ఈ పరిశ్రమ ఉంది.

పరచే విధానం

ముందుగా నిట్రంగా ఉన్న గట్టును ఏటవాలుగా చెక్కి, రాళ్ళు, మొదళ్ళు తీసివేసి, ఎరువు కలిపి గడ్డి విత్తనాలు చల్లుతారు. గట్టు పైభాగాన చిన్న కందకం తవ్వి, వస్త్రపు అంచును అందులో పూడ్చి, కిందికి పరచి వెదురు మేకులు దిగగొడతారు. ఎగువ వస్త్రపు అంచు దిగువదానిపైకి రావాలి; లేనిచో ప్రవాహం అతుకును పైకి లేపుతుంది. వస్త్రం నేలకు అంటుకొని ఉండటం అన్నింటికంటే ముఖ్యం. మధ్యలో ఖాళీ మిగిలితే వాననీరు వల కిందుగా పారి, పైకి కనబడకుండానే మట్టిని కోసుకుపోతుంది. వట్టివేరు వంటి లోతైన వేళ్ళు గల గడ్డిని వల కన్నుల మధ్య నాటుట మంచిది.

గట్టు సాధారణంగా పాదం వద్ద కోసుకుపోయి, ఆధారం లేక పైభాగం విరిగి పడుతుంది. కాబట్టి నీటి అంచున పీచు కూరిన పొడవాటి దిండ్లను గుంజలతో బిగిస్తారు.

వినియోగం

కేరళలోని కుట్టనాడులో వరిపొలాలు సముద్రమట్టానికి దిగువన ఉన్నందున గట్టు తెగితే పంట మునుగుతుంది. పూర్వం అక్కడ కొబ్బరి మొద్దులు, వెదురు, బంకమట్టితో గట్లు కట్టేవారు. తిరువనంతపురం జిల్లాలో ఒక చెరువు గట్టుపై వస్త్రంతో పాటు గడ్డి నాటిన భాగాన్ని, వస్త్రం మాత్రమే పరచిన భాగాన్ని, ఏమీ చేయని భాగాన్ని పోల్చి చూడగా మొదటిదే మేలైనదని తేలింది.

పరిమితులు

ఉధృతమైన ప్రవాహం గల చోట్ల పాదానికి రాతి పేర్పు తప్పదు. నీడ వలన గడ్డి ఎదగని చోట, లేదా మొలకలను పశువులు మేసివేసిన చోట, వస్త్రం కుళ్ళగానే గట్టు మళ్ళీ మొదటి స్థితికి వస్తుంది. కొన్ని రకాల పీచు దుప్పట్లను ప్లాస్టిక్ వలతో కుడతారు. పీచు పోయాక మిగిలే ఆ వలలో పాములు చిక్కుకొని చనిపోవడం గమనించారు.