గష్తీ నిషాన్ 53 నుంచి నెట్ బంద్ దాకా

డిగ్రీలో ఒకరోజు తెలుగు క్లాసు. లెక్చరర్ గారు తెలంగాణ గ్రంథాలయ ఉద్యమం గురించి చెప్తూ బోర్డు మీద 'గస్తీ నిషాన్ 53' అని రాశారు. గస్తీ అంటే రాత్రిపూట పోలీసులు తిరగడమే కదా అనుకున్నారు నా పక్కన కూర్చున్న దోస్తులు. ఉర్దూ మీడియం నుంచి వచ్చిన నాకు అసలు మానీ తెలుసు. దఫ్తర్ జుబాన్‌లో గష్తీ అంటే సర్క్యులర్. నిషాన్ అంటే నెంబరు. లేచి చెప్పాను. సార్ షాబాష్ అన్నారు. కూర్చున్నాక మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంది. జనం నోరు కట్టేసిన ఆ హుకుం నా మాదరీ జుబాన్‌లోనే ఉంది.

మన ఇళ్లలో ఆలాహజ్రత్ జమానా గురించి చెప్పుకుంటే 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ వస్తుంది, దవాఖానా వస్తుంది, నిజాంసాగర్ వస్తుంది. అవన్నీ సచ్. కానీ ఈ గష్తీ కూడా సచ్.

1920లలో వచ్చిన ఈ గష్తీ ప్రకారం జల్సా పెట్టాలంటే సర్కారు ఇజాజత్ ముందే తీసుకోవాలి. గ్రంథాలయం పెట్టేవాళ్ల మీదా, ఖాన్గీ బడి నడిపేవాళ్ల మీదా ఇదే నిఘా. నేడు మన చేతిలో మొబైల్ ఎట్లనో, ఆనాడు ఊరికి రీడింగ్ రూం అట్ల. ఒక్క అఖ్బార్ వస్తే చదువొచ్చినాయన పైకి చదివేవాడు, పదిమంది వినేవారు. ఆ తలుపు తాళం హుకూమత్ తన దగ్గర పెట్టుకుంది.

అయినా మన జిల్లాలు ఊరుకోలేదు. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు 'నీలగిరి' పత్రిక తెచ్చారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాద్‌లో 'గోలకొండ' పత్రిక మొదలుపెట్టారు. ఆంధ్ర మహాసభ రెండోసారి 1931లో దేవరకొండలో, ఐదోసారి 1936లో షాద్‌నగర్‌లో జరిగింది. ఈ గష్తీని రద్దు చేయాలన్నది మహాసభ అడిగిన ముఖ్యమైన హక్కుల్లో ఒకటి.

ఇది తెలుగుకూ ఉర్దూకూ నడుమ జరిగిన లడాయి అని ఎవరైనా అంటే నమ్మకండి. దెబ్బ ఉర్దూ అఖ్బార్ల మీద కూడా పడింది. మందుముల నర్సింగరావు నడిపిన 'రయ్యత్' ఉర్దూ పత్రికే. దానిపై సర్కారు నిషేధం పెట్టింది. అక్కడ పనిచేసిన షోయబుల్లా ఖాన్ 1947 నవంబర్‌లో 'ఇమ్రోజ్' మొదలుపెట్టాడు. ఆయనకు అండగా నిలిచింది పాలమూరు వాడైన బూర్గుల రామకృష్ణారావు. రజాకార్ల జుల్మ్‌ను రాసినందుకు, హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలన్నందుకు 1948 ఆగస్టు 21 రాత్రి ఆ నౌజవాన్‌ను కాచిగూడ దగ్గర కాల్చారు, రాసే చేతిని నరికారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఒక ముసల్మాన్ ఎడిటర్, ఉర్దూలో రాసినందుకు, ఉర్దూ మాట్లాడే హుకూమత్ నీడలో షహీద్ అయ్యాడు.

నెల తిరగకముందే పోలీస్ యాక్షన్ వచ్చింది. రజాకార్ల రోజులు పోయాయి, కానీ ఖబర్ మీద తాళం పోలేదు. ఆ తర్వాత ముసల్మానుల మీద జరిగిన ఖత్ల్‌ను దర్యాప్తు చేయడానికి పండిట్ సుందర్‌లాల్ కమిటీ వచ్చింది. అందులో 'పయామ్' పత్రిక పెట్టిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ కూడా ఉన్నారు. చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 మంది ఉంటారని కమిటీ అంచనా వేసింది. దెబ్బతిన్న జిల్లాల్లో నల్లగొండ పేరు కూడా ఉంది. ఆ రిపోర్టును సర్కారు ప్రజల ముందు పెట్టలేదు. కొన్ని భాగాలు బయటికి పొక్కాయి. ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో అది చదువుకోవడానికి దొరుకుతుందని లోకానికి తెలిసేసరికి 2013 వచ్చింది. అప్పటికి ఆ రోజులు కళ్లారా చూసిన మన బుజుర్గుల్లో చాలామంది ఖబ్రస్తాన్ చేరారు.

ఇప్పుడు రీడింగ్ రూంకు తాళం వేయనక్కరలేదు. టవర్లు ఆపితే చాలు. 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలు నెట్ ఆపే హుకుం ఇచ్చే అధికారం హోం సెక్రటరీ స్థాయి అఫ్సర్లకు ఇచ్చాయి. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో నెట్ బంద్ అయింది. 4జీ పూర్తిగా తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఆన్‌లైన్ క్లాసులు, దుకాణం లెక్కలు, పరదేశంలో ఉన్న కొడుకు ముఖం, అన్నీ దాని మీదే నడిచే రోజులు ఇవి. ఇక వెబ్‌సైట్లు, పోస్టులు తీసేయించే ఐటీ చట్టం 69ఏ వేరే ఉంది. 2009 రూల్స్ ప్రకారం ఆ హుకుంలను రాజ్‌గా ఉంచుతారు. గష్తీకి కనీసం ఒక నెంబరుండేది, జనానికి అది తెలిసేది.

కశ్మీర్ బంద్ మీద సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో ఫైసలా ఇచ్చింది. మీయాద్ లేకుండా నెట్ ఆపడం చెల్లదన్నది, హుకుంలను ప్రచురించాలన్నది. ఆ కేసు వేసింది కూడా ఒక అఖ్బార్ ఎడిటరే.

కశ్మీర్ గురించి మన ఇళ్లలో బాధ పడతాం, పడాలి కూడా. అయితే అదే దస్తర్‌ఖాన్ దగ్గర పిల్లలకు గష్తీ నిషాన్ 53 గురించి, షోయబుల్లా ఖాన్ గురించి కూడా చెప్పాలి. మనవాళ్లు చేస్తే ఇంతెజాం, పరాయివాళ్లు చేస్తే జుల్మ్ అనే తరాజు ఇన్సాఫ్ తూచదు. ఆ మాట ఒప్పుకున్నప్పుడే సుందర్‌లాల్ రిపోర్టును ఎందుకు దాచారని అడిగే మన గొంతుకు వజన్ వస్తుంది.

రేపు మన ఊళ్లోనే నెట్ బంద్ అయితే నాలుగు సవాళ్లు అడగండి. ఎవరు ఆపారు? ఎందుకు ఆపారు? ఎన్ని రోజులు? హుకుం కాపీ ఏది? ఆనాడు మన తాతలకు గష్తీ ముందు నిలబడి ఇవి అడిగే హఖ్ లేదు. మనకుంది.