టర్కీ కోడి వింత ప్రవర్తన

పెంపుడు టర్కీ కోడి రోజూ ఉండే తీరు మారి దూకుడుగానో, మందకొడిగానో, అసహజ భంగిమలోనో కనిపిస్తే దాన్ని వింత ప్రవర్తన అంటారు. దీని వెనుక సాధారణంగా ఋతువు, పెంపకం, మేత, వ్యాధి అనే నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటుంది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని కీసరలో, దానికి నైరుతిన ఉన్న ఉప్పల్, నాచారంలలో పెరట్లోనో తోటలోనో నాటుకోళ్లతో కలిపి టర్కీలను పెంచేవారికి ఈ తేడా తెలియడం చాలా ముఖ్యం. పక్షులు జబ్బును దాచుకుంటాయి. బయటపడే నాటికి వైద్యానికి మిగిలే వ్యవధి తక్కువ.

సహజమైన మార్పులు

టర్కీ ఉత్తర అమెరికా పక్షి. మెక్సికో ప్రాంతంలో మచ్చికైంది. గోవా నుంచి కొలువులోని ముకర్రబ్ ఖాన్ తెచ్చిన టర్కీని 1612లో చూసిన మొగల్ చక్రవర్తి జహంగీర్, దాని తల, మెడ రంగులు మారే తీరును తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ దాని బొమ్మ గీశాడు. తల చర్మంలోని రక్తనాళాలు ఉబ్బినా కుంచించుకున్నా కొలాజెన్ పోగుల మధ్య ఎడం మారుతుంది. అందువల్ల ఎరుపు, నీలం, తెలుపు రంగులు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. 2014లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ ఏర్పాటును నమూనాగా తీసుకుని రంగు మారే సెన్సర్ తయారుచేశారు. కాబట్టి రంగు మారడం ఒక్కటే జబ్బుకు గుర్తు కాదు.

ఈకలు ఉబ్బించి, తోక విప్పి, రెక్కలు నేలకు రాస్తూ, ముక్కు మీది కండను పొడవుగా వేలాడదీసి తిరగడం పుంజు జతకట్టే కాలపు ప్రదర్శన. బండి హారన్‌కో టపాసుల మోతకో గట్టిగా అరవడమూ మామూలే. పిల్లప్పటి నుంచి ఒంటరిగా మనుషుల చేతుల్లో పెరిగిన పుంజు, ఈడుకొచ్చాక మనిషినే జతగానో పోటీదారుగానో భావించి మీదికి దూకుతుంది. అప్పుడు పరుగెత్తకూడదు, కొట్టకూడదు. గంప అడ్డం పెట్టి దూరంగా తోలాలి. తోడుగా మరికొన్ని టర్కీలు ఉంటే ఈ అలవాటు తగ్గే అవకాశం ఉంది.

పొదిగే పెట్ట మేత తగ్గించి, గూడు వదలక, దగ్గరికి వెళితే బుసకొడుతుంది. రోజుకు ఒకసారి లేచి, దుర్వాసనతో పెద్ద ముద్దగా రెట్ట వేస్తుంది. దీన్ని చూసి విరేచనాలని పొరబడేవారున్నారు. గుడ్లు పొదగడానికి సుమారు 28 రోజులు పడుతుంది. తల్లి తన పిల్లలను గుర్తించేది ప్రధానంగా వాటి అరుపుతోనే. వినికిడి పోయిన టర్కీ తల్లులు సొంత పిల్లలనే పొడిచి చంపాయని 1960లో వోల్ఫ్‌గాంగ్ ష్లైట్ బృందం ప్రయోగాల్లో తేలింది.

మేత, పరిసరాలు

అంతగా తెలియని ప్రమాదం బ్రాయిలర్ దాణా. రక్తపారుడు రాకుండా కోళ్ల దాణాలో కలిపే సాలినోమైసిన్, నరాసిన్ మందులు టర్కీలకు విషం. అది తిన్న పక్షి కాళ్లు వెనక్కి చాపి బోర్లా పడి లేవలేదు, చనిపోవచ్చు కూడా. అందుకే బస్తా మీది చీటీ చదవకుండా దాణా పెట్టకూడదు. టర్కీ పిల్లలకు 28 శాతం దాకా మాంసకృత్తులున్న మేత కావాలి. నయాసిన్, డి విటమిన్ చాలకపోతే కాళ్లు వంకరపోతాయి.

ఎండాకాలంలో నోరు తెరిచి ఒగరుస్తూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెడితే వేడి తట్టుకోలేకపోతోందని అర్థం. టర్కీకి చెమట గ్రంథులు లేవు. వెంటనే నీడకు చేర్చి చల్లని నీరు పెట్టాలి. మెరిసే వస్తువులను పొడవడం దీని స్వభావం కనుక తీగ ముక్కలు, మేకులు, సంక్రాంతి తర్వాత పడి ఉన్న మాంజా మింగే ప్రమాదం ఉంది. చీకటి పడ్డాక గూట్లోకి వెళ్లనని మొరాయిస్తే రాత్రి టార్చ్ వేసి గూటి కర్రల సందులు చూడాలి. పగలు దాక్కుని రాత్రి రక్తం పీల్చే ఎర్రని సన్న పురుగులు అక్కడ కనిపించవచ్చు.

వ్యాధులు

నాటుకోళ్లతో కలిపి పెంచే చోట మొదట అనుమానించాల్సింది బ్లాక్‌హెడ్. హిస్టోమోనాస్ మెలియాగ్రిడిస్ అనే ఏకకణ జీవి కోళ్ల పేగుల్లోని హెటెరాకిస్ పురుగు గుడ్ల ద్వారా, వానపాముల ద్వారా టర్కీలకు చేరుతుంది. కోడి పైకి ఆరోగ్యంగానే కనిపించినా టర్కీ మాత్రం రెక్కలు వాల్చి, కళ్లు మూసుకుని నిలబడిపోతుంది. గంధకం రంగు పసుపు రెట్ట వేస్తుంది. పేరులో ఉన్నట్టు తల నల్లబడి తీరాలని లేదు. పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకే టర్కీలను కోళ్లు తిరిగిన నేలకు దూరంగా ఉంచాలి.

మెడ తీరు మరో ఆధారం. మెడ మెలితిరిగి, వణుకు, పక్షవాతం ఉంటే రాణిఖేత్ (కొక్కెర) వ్యాధిని అనుమానించాలి. మెడ పట్టు తప్పి నేల మీద వాలిపోతే అది కుళ్లిన కళేబరమో దాని పురుగులో తినడం వల్ల వచ్చిన బోటులిజం కావచ్చు. కళ్ల కింద వాపు, ముక్కు కారడం మైకోప్లాస్మాకు గుర్తు. తల మీద పొక్కులు, పెచ్చులు దోమల ద్వారా వ్యాపించే కోళ్ల మశూచికి గుర్తు.

పరిశీలించే క్రమం

ముందు మందను చూడాలి: మార్పు ఒక్కదానిలోనా, అన్నిటిలోనా? తర్వాత రెట్ట, మేత, నీరు, నడక, శ్వాస, తల, మెడ వరుసగా చూడాలి. ప్రదర్శన చేసే పుంజు మేత కనపడగానే తేరుకుంటుంది. జబ్బు పక్షి మేత ముందే కునుకుతుంది. అనుమానం ఉన్నదాన్ని విడిగా ఉంచి, దాణా చీటీని, తాజా రెట్టను పశువైద్యుడికి చూపాలి. తోచిన యాంటీబయాటిక్ ముందే వేస్తే అసలు కారణం మరుగున పడుతుంది.

సంచార పశువైద్య సేవలకు 1962 నంబరు ఉంది. సలహాకు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల కూడా ఉంది.

ఒక్కసారిగా పక్షులు చనిపోతే కోసి చూడటం, వండటం, పారేయడం చేయకుండా పశుసంవర్ధక శాఖకు తెలపాలి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో అది బయటపడింది. టర్కీలకు కూడా సోకే ఈ వ్యాధి మనుషులకూ ప్రమాదమే కాబట్టి ఆ సమాచారం ఇవ్వడంలో ఆలస్యం చేయకూడదు.