నలభై కిలోమీటర్ల కింద

2024 డిసెంబర్ 4, బుధవారం. ఉదయం 7 గంటల 27 నిమిషాలు. హన్మకొండలోని నా అద్దె గదిలో గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. మంచం పట్టి ఎవరో ఊపినట్టయింది. కొన్ని సెకన్లే.

"బిడ్డా, బయటికి ఉర్కిరా! ఇల్లు ఊగుతాంది!" కింది నుంచి ఇంటి ఓనరమ్మ కేక.

వాకిట్లోకి వచ్చేసరికి వీధంతా రోడ్డు మీదే ఉంది. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఓనరమ్మ నా భుజం పట్టుకుని అడిగింది: "అడివిల చెట్లు కూలినయ్. గిప్పుడు భూమి ఊగింది. రెండూ ఒక్కటేనా? నువ్వు పేపర్ల పనిచేస్తవు గదా, చెప్పు."

పర్యావరణ విలేకరిగా అప్పటికి నేనింకా ఇంటర్న్‌నే. ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో పెనుగాలికి 50 వేలకు పైగా చెట్లు నేలకొరిగాయి. తర్వాత అక్కడికి వెళ్లి చూశాను. వేళ్లతో సహా పెకలి పడిన ఓ మాను పక్కన నిలబడితే దాని వేళ్ల చట్రం నాకన్నా ఎత్తుంది. అయినా వేళ్లు లోతుకు దిగలేదు, పళ్లెంలా పక్కలకు పరుచుకున్నాయి. వాటి సందుల్లో మట్టిగడ్డలు వేలాడుతున్నాయి.

ఓనరమ్మ ప్రశ్నను మూఢనమ్మకమని కొట్టిపారేయడం తప్పు. మూడు నెలల్లో ఒకే జిల్లాలో రెండు వింతలు చూసిన మనిషికి రావాల్సిన ప్రశ్నే అది. ఎనిమిదింటికల్లా వాట్సాప్‌లోనూ అదే మాట తిరుగుతోంది. కాకపోతే అక్కడ ప్రశ్నగా కాదు, జవాబుగా.

జాతీయ భూకంప కేంద్రం వివరాలిచ్చింది. తీవ్రత 5.3, కేంద్రం ములుగు, లోతు 40 కిలోమీటర్లు. అలాగే రాసి పంపాను. డెస్క్ ఇన్‌ఛార్జి సార్ ఫోన్ చేశారు. "నలభై కిలోమీటర్లంటే ఎంతమ్మా? చదివేవాళ్లకు కళ్లకు కట్టాలి."

కొట్టేసి మళ్లీ రాశాను. హన్మకొండ నుంచి ములుగుకు బస్సులో పోయే దూరం కన్నా కాస్త తక్కువ, అయితే నిలువునా కిందికి. గాలి కూల్చిన చెట్ల వేళ్లు మనిషెత్తు లోతుకైనా పోలేదు. గోదావరి లోయ కింద పాత పగుళ్లున్నాయి. అక్కడి రాళ్లలో ఏళ్ల తరబడి పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా విడుదలైతే భూమి కంపిస్తుంది. పైనుంచి వీచిన గాలికి అంత లోతుతో సంబంధం లేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిందీ ఈ లోయలోనే. అంకెల్లో తేడా 0.4 మాత్రమే, వెలువడిన శక్తి మాత్రం దాదాపు 4 రెట్లు.

మర్నాడు ఓనరమ్మకు ఆ వార్త చదివి వినిపించాను. చివరిదాకా విని, "మళ్లొస్తదా?" అంది.

"రావచ్చు పెద్దమ్మా. ఎప్పుడన్నది ముందే చెప్పగలిగినోళ్లు ఎవ్వరూ లేరు."

ఆమె అటక వైపు చూసింది. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి దాని మీది ఇత్తడి బిందెలన్నీ కిందికి దించాం.